ఆ రాయి ఎవరి చేతిలో ఉంది?

'ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్' పేరెత్తగానే మనవాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ భోజనాల సీనే. పెద్ద పాము కడుపులోంచి పాకుతూ బయటికొచ్చే పిల్లపాములు, నల్లటి పురుగులు, కనుగుడ్లు తేలే సూప్, చివర్లో చల్లబరిచిన కోతి మెదడు. ఇదంతా ఒక భారతీయ మహారాజు ఇంట్లో అతిథులకి పెట్టిన విందు! 1984లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ఈ సినిమాలో కథ 1935లో, చాలావరకు మన దేశంలోనే జరుగుతుంది. తీసింది మాత్రం ఇక్కడ కాదు. స్క్రిప్టు అభ్యంతరకరంగా ఉందని భారత ప్రభుత్వం షూటింగ్‌కి ఒప్పుకోలేదు. యూనిట్ శ్రీలంక వెళ్లి, క్యాండీ దగ్గర ఊరి సీన్లు తీసుకుంది. విడుదలయ్యాక మన దగ్గర కొంతకాలం నిషేధం కూడా నడిచింది.

ఈ సినిమా మీద మన మాటలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. మనల్ని అవమానించిన సినిమా, దాని గురించి మాట్లాడ్డమే దండగ అనేది ఒకటి. పాప్‌కార్న్ సినిమాకి ఇంత బాధెందుకు, లైట్ తీసుకో అనేది రెండోది. మొదటి మాటలో న్యాయం ఉంది. రెండోదాంట్లో సుఖం ఉంది. కానీ రెండూ కూడా సినిమాని సరిగ్గా చూసే పనిని తప్పిస్తాయి. కోపం తెచ్చుకోవాలన్నా, ఏ చోట తెచ్చుకోవాలో తెలియాలి కదా.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్ చదవాల్సి వచ్చినప్పుడు, అందులో రాసిపెట్టిన కామెంట్లని పెద్దగా నమ్మం. ఏ ఫంక్షన్ని ఎక్కడెక్కడి నుంచి పిలిచారో వెతుక్కుంటూ పోతే, ఆ ప్రోగ్రామ్ అసలు ఏం చేస్తోందో తెలుస్తుంది. సినిమాకీ ఇదే పద్ధతి పనికొస్తుందని నా నమ్మకం. పాత్రలు చెప్పే మాటలు కామెంట్ల లాంటివి. పదే పదే తిరిగొచ్చే బొమ్మ ఏదో పట్టుకుంటే, సినిమా నిజంగా దేని గురించి ఆలోచిస్తోందో దొరుకుతుంది. ఒకసారి కనిపిస్తే యాదృచ్ఛికం. ఆరోసారి కూడా కనిపిస్తే అది ఆ సినిమా ఆలోచన.

టెంపుల్ ఆఫ్ డూమ్‌లో అలా తిరిగి తిరిగి వచ్చే బొమ్మ చెయ్యి. దేన్నో అందుకోబోయే చెయ్యి, పట్టుకున్న చెయ్యి, వదిలేసిన చెయ్యి.

*

షాంఘైలో మొదలవుతుంది కథ. ఒక నైట్‌క్లబ్బులో ఇండియానా జోన్స్ ఒక గ్యాంగ్‌స్టర్‌తో బేరం ఆడతాడు. మంచూ వంశపు తొలి చక్రవర్తి నూర్హాచీ అస్థికలు ఇచ్చి, బదులుగా ఒక పెద్ద వజ్రం తీసుకుంటాడు. అస్థికలంటే మనకి ఎంత పవిత్రమో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ అవి టేబుల్ మీద అటు నుంచి ఇటు తిరిగే సరుకు. ఈలోగా ఇండీ తాగిన గ్లాసులో విషం ఉందని తేలుతుంది. విరుగుడు మందు చిన్న సీసాలో ఉంది. గొడవ మొదలై వజ్రం, సీసా రెండూ నేలపాలవుతాయి. దానికితోడు ఐసు ముక్కలు ఫ్లోరంతా చెల్లాచెదురవుతాయి. ఐసు ముక్కల మధ్య వజ్రం ఎలా కనపడుతుంది? గాయని విల్లీ స్కాట్ వజ్రం కోసం, ఇండీ మందు కోసం జనం కాళ్ల మధ్య దేవుకుంటూ ఉంటారు. చివరికి వజ్రం ఎవరికీ దక్కదు. వజ్రం వెతుకుతున్న విల్లీ చేతికి మందు సీసా దొరుకుతుంది.

కామెడీగా సాగిపోయే ఈ సీన్‌లో సినిమా మొత్తం ఉంది. విలువైనది వేరు, బతికించేది వేరు. రెండూ ఒకే నేల మీద పడి ఉన్నప్పుడు చెయ్యి దేనికోసం వెళ్తుంది? తర్వాతి రెండు గంటల్లో సినిమా ఈ ప్రశ్ననే రకరకాల చోట్ల అడుగుతుంది.

అక్కణ్ణుంచి విమానం, విమానంలోంచి తెప్ప, తెప్ప మీంచి నది, చివరికి మాయాపూర్ అనే ఊరు. బావులు ఎండిపోయాయి. నది ఇసుక మేట వేసింది. ఊళ్లో పిల్లలు లేరు. ఇండీ, విల్లీ, చైనా కుర్రాడు షార్ట్ రౌండ్ నడుస్తుంటే ఊరివాళ్లు చేతులు చాచి వాళ్లని తాకుతారు. ఊరి పెద్ద తీసుకెళ్లి ఒక చిన్న గుడి చూపిస్తాడు. అందులో రాయి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. పాంకోట్ ప్యాలెస్ వాళ్లు వచ్చి రాయిని ఎత్తుకుపోయారు, తర్వాత పిల్లల్ని కూడా పట్టుకుపోయారు.

హాలీవుడ్ ప్రేక్షకుడికి ఇదొక 'మ్యాజిక్ స్టోన్'. మనకి వేరే. మన ఊళ్లలో, ముఖ్యంగా తెలంగాణలో, ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. చూడ్డానికి మామూలు రాయే. దానికి మార్కెట్ విలువ ఏమీ లేదు. కానీ ఊరికి అది బొడ్డు. బొడ్రాయి పండగంటే పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లల్ని కూడా పిలుచుకుంటారు. అలాంటి రాయి ఒక రాత్రికి రాత్రి మాయమైతే ఊరికి ఏం జరుగుతుందో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ఖాళీ గూడు చూపించే షాట్‌ని స్పీల్‌బర్గ్ కంటే తెలుగు ప్రేక్షకుడే ఎక్కువ లోతుగా చూడగలడని నాకనిపిస్తుంది.

ఆ రాత్రి, పారిపోయి వచ్చిన ఒక పిల్లాడు ఎముకల గూడులా నడుచుకుంటూ వచ్చి ఇండీ చేతుల్లో కుప్పకూలిపోతాడు. వాడి పిడికిట్లో ఒక చిరిగిన గుడ్డముక్క. దానిమీద శంకర శిలల కథ బొమ్మగా ఉంది. పిల్లాడి చేతిలోంచి అది ఇండీ చేతిలోకి వస్తుంది. సినిమాలో మొదటిసారి ఒక వస్తువు బేరం లేకుండా చేతులు మారింది ఇక్కడే. అయినా ఇండీ వెంటనే మారడు. షార్ట్ రౌండ్ అడిగితే ఆ రాళ్లు దొరికితే డబ్బూ పేరూ వస్తాయన్నట్టే చెప్తాడు.

*

భోజనాల సీన్‌కి ఇప్పుడు వద్దాం. దానికి జంటగా ఇంకో భోజనం సీన్ ఉందని చాలామంది పట్టించుకోరు. మాయాపూర్‌లో ఊరివాళ్లు ఉన్నదాంట్లోంచి కొంచెం తీసి ఆకులో పెట్టి ఇస్తారు. విల్లీ వద్దంటుంది. ఇండీ ఆమెని గట్టిగానే మందలిస్తాడు. వీళ్లు వారం రోజుల్లో తినేదానికంటే ఎక్కువ నీకు పెట్టారు, తినకపోతే అది వాళ్లకి అవమానం అని. తర్వాత ప్యాలెస్‌లో విందు. ఒకచోట ఆకలితో ఉన్నవాళ్లు పెట్టిన ముద్ద, ఇంకోచోట ఆ ఆకలికి కారణమైనవాళ్లు పెట్టిన విందు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే దోపిడీ గురించి చాలా పదునైన మాట చెప్పొచ్చు.

సినిమా ఆ అవకాశాన్ని చేజేతులా పాడుచేసుకుంది. ఆ టేబుల్ మీద మామూలు పంచభక్ష్య పరమాన్నాలే ఉండి ఉంటే, మాయాపూర్ ముద్ద గుర్తొచ్చి మనకి గొంతు దిగేది కాదు. పురుగులూ పాములూ పెట్టేసరికి అసహ్యం ప్యాలెస్ దౌర్జన్యం మీద నుంచి జారి, భారతీయుల తిండి మీదకి వెళ్లిపోయింది. అవమానం సంగతి ఎలాగూ ఉంది. దానికి తోడు ఇది కథకి కూడా నష్టం. చేతికందిన జంటని నవ్వు కోసం తెంచేసుకోవడం.

*

ఆ రాత్రి రహస్య సొరంగంలో ఒక సీన్ ఉంది. ఇండీ, షార్ట్ రౌండ్ ఒక గదిలో ఇరుక్కుంటారు. పైకప్పు ముళ్లతో కిందికి దిగుతూ ఉంటుంది. బయట ఉన్న విల్లీ గోడలోని ఒక కన్నంలో చెయ్యి పెట్టి మీట లాగాలి. ఆ కన్నం నిండా పురుగులు. ఆమె అరుస్తుంది, ఏడుస్తుంది, వెనక్కి తీసుకుంటుంది, చివరికి మోచేతి దాకా పెడుతుంది. వజ్రం కోసం నేల దేవిన చెయ్యే ఇది. ఇప్పుడు ఇద్దరి ప్రాణం కోసం పురుగుల్లోకి వెళ్లింది. సినిమాలో విల్లీ పాత్రకి అరుపులు తప్ప ఏమీ లేదన్న విమర్శ ఉంది, చాలావరకు నిజమే. కానీ ఈ చెయ్యి మాత్రం ఆమెకి ఎవరూ అరువివ్వలేదు.

ఆ తర్వాత కాసేపటికే గుడి వస్తుంది. అమ్రీష్ పురి వేసిన మోలా రామ్, కట్టేసి ఉన్న ఒక మనిషి ఛాతీలోకి ఒట్టి చేత్తో దూరి గుండెని బయటికి తీస్తాడు. ఆ మనిషి ఇంకా బతికే ఉంటాడు. అతన్ని నిప్పుల గుండంలోకి దింపుతుంటే, పైన మోలా రామ్ చేతిలో గుండె భగ్గుమంటుంది. ఈ సీన్ గురించి అమెరికాలో తల్లిదండ్రులు గోల చేశారు. అదే ఏడాది వచ్చిన 'గ్రెమ్లిన్స్'తో కలిపి ఈ సినిమా వల్లే అక్కడ 'పీజీ-13' అనే కొత్త రేటింగ్ పుట్టింది.

హింస పక్కన పెట్టి కేవలం కదలికని చూడండి. కాసేపటి కిందట ఒక చెయ్యి చీకటి కన్నంలోకి వెళ్లి ఇద్దరిని బతికించింది. ఇప్పుడు ఇంకో చెయ్యి ఒక మనిషి లోపలికి వెళ్లి ప్రాణం తీసింది. కదలిక ఒకటే. లోపలికి పెట్టడం, పట్టుకోవడం, లాగడం. ఒకటి ఇవ్వడానికి, ఒకటి తీసుకోవడానికి. ఇంతకంటే శుభ్రంగా ఏ డైలాగూ ఈ తేడా చెప్పలేదు. మోలా రామ్‌ని విలన్ చేసింది కపాలాల కిరీటం కాదు. అతని చెయ్యి ఎక్కడా, ఎవరికీ, ఏమీ ఇవ్వదు. ఊరి రాయి, ఊరి పిల్లలు, మనిషి గుండె, అన్నీ తీసుకోవడమే.

ఇండీకి కాళి రక్తం అని చెప్పి ఏదో తాగిస్తారు. అతను వాళ్లలో ఒకడైపోతాడు. తనని నమ్ముకున్న షార్ట్ రౌండ్‌ని అదే చేత్తో కొడతాడు. సినిమాలో నిజంగా భయపెట్టే క్షణం నాకు ఇదే. గుండె తీయడం ఎంతైనా ఎఫెక్ట్. ఈ దెబ్బ అలా కాదు. రాళ్ల కోసం బయల్దేరిన చెయ్యికీ మోలా రామ్ చెయ్యికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదని అది చెప్తుంది. కాగడా మంటతో వాతపెట్టి ఇండీని మేలుకొలిపేది కూడా షార్ట్ రౌండే. గుండంలో చంపిన నిప్పే ఇక్కడ మందైంది. షాంఘైలోని విషం, విరుగుడు మళ్లీ వచ్చినట్టే.

చివర్లో వంతెన. ఇండీ దాన్ని మధ్యలో నరికేస్తాడు, అందరూ వేలాడుతుంటారు. మోలా రామ్ చెయ్యి ఇండీ గుండె కోసం కూడా వస్తుంది. రాళ్లు ఉన్న సంచి మీద ఇద్దరూ పెనుగులాడతారు. శివుడికి ద్రోహం చేశావని ఇండీ పదే పదే అంటుంటే రాళ్లు ఎర్రగా కాలిపోయి, సంచి తగలబడి, రెండు నదిలో పడిపోతాయి. మూడోదాన్ని మోలా రామ్ పట్టుకుంటాడు. చెయ్యి కాలి వదిలేసి, మొసళ్ల నదిలోకి పడిపోతాడు. అదే రాయిని ఇండీ పట్టుకుంటాడు. అతని చెయ్యి కాలదు. ఐదు రాళ్లూ దొరికితే లోకాన్నే ఏలొచ్చని మోలా రామ్ ఆశ. ఒక్కటే మిగిలింది, అదీ ఊరిది.

*

ఇక్కడితో ఆపేస్తే సినిమాకి మార్కులు ఎక్కువ వేసినట్టే. అదే చేతుల లెక్కని ఇంకాస్త ముందుకి తీసుకెళ్తే, అసలు తప్పు ఎక్కడుందో బయటపడుతుంది.

సినిమాలో మంచి పని చేసే చేతులు ఎవరెవరివి? ఇండీ, విల్లీ, షార్ట్ రౌండ్. వంతెన అవతలి గట్టు మీద తుపాకులు పేల్చే బ్రిటిష్ కెప్టెన్ సైన్యం. పెద్దవాళ్లైన భారతీయుల్లో ఒక్కరు కూడా లేరు. మాయాపూర్ ఊరివాళ్ల చేతులు చాచడానికి, దణ్ణం పెట్టడానికి, తాకడానికి మాత్రమే ఉన్నాయి. ప్యాలెస్ వాళ్ల చేతులు లాక్కోవడానికి ఉన్నాయి. దివాన్ ఛత్తర్ లాల్ వేషంలో రోషన్ సేఠ్ ఉన్నాడు. రెండేళ్ల ముందు 1982లో అటెన్‌బరో 'గాంధీ'లో నెహ్రూ వేసిన నటుడే. అమ్రీష్ పురి కూడా ఆ సినిమాలో ఉన్నాడు. అక్కడ ఒక దేశాన్ని నిలబెట్టే మనుషుల్లో ఉన్నవాళ్లు ఇక్కడ కుట్రదారులు. తమ రాయి కోసం, తమ పిల్లల కోసం ఆ ఊళ్లోంచి ఒక్క మనిషి కూడా ప్యాలెస్ వైపు కర్ర పట్టుకుని కదలడు. 1935లో! దండి మార్చ్ అయ్యి ఐదేళ్లు గడిచాక!

థగ్గుల కథని 1830ల్లో బ్రిటిష్ అధికారి స్లీమన్ ప్రచారంలోకి తెచ్చాడు. 1939 నాటి 'గంగా దిన్' సినిమాలోనూ కాళి పేరుతో వాళ్లే విలన్లు. స్పీల్‌బర్గ్, కథ ఇచ్చిన జార్జ్ లూకస్ ఆ పాత సామాను యథాతథంగా వాడుకున్నారు. శివుణ్ణి మంచివైపు, కాళిని చెడువైపు నిలబెట్టారు. ఒకే ఇంటివాళ్లని హీరో, విలన్ చేశామని వాళ్లకి తట్టలేదు. ఊరిని కాపాడే అమ్మవారు మన ఎల్లమ్మ, పోచమ్మల రూపంలో ఎంత చనువుగా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ గుడి సెట్టు భయం కంటే జాలి ఎక్కువ కలిగిస్తుంది.

అందుకే కోతి మెదడు కంటే ఈ చేతుల లెక్క నాకు పెద్ద అవమానంగా కనిపిస్తుంది. కోతి మెదడు అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది, నవ్వేసి ఊరుకోవచ్చు. నిస్సహాయంగా చాచిన చెయ్యి అలా కాదు. అది జాలిగా, అందంగా, నిజంలా ఉంటుంది. కళ్లు చెమర్చేలా కూడా ఉంటుంది. మనకే తెలియకుండా దాన్ని ఒప్పేసుకుంటాం.

ఒక్క మినహాయింపు షార్ట్ రౌండ్. హీరోని మేలుకొలిపింది ఆ ఆసియా కుర్రాడే. పాంకోట్ బాల మహారాజుని మత్తులోంచి బయటపడేసింది కూడా వాడి చేతిలోని కాగడానే. ఆ పాత్ర వేసిన కె హుయ్ క్వాన్‌కి పెద్దయ్యాక చాలా ఏళ్లు చెప్పుకోదగ్గ వేషాలు దొరకలేదు. 2023లో 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్'కి ఆస్కార్ వచ్చింది. ఆ రాత్రి అదే సినిమాకి ఉత్తమ చిత్రం ప్రకటించింది హారిసన్ ఫోర్డ్. స్టేజీ మీద ఇద్దరూ కావలించుకున్నారు.

*

ఇంత తప్పు చేసిన సినిమాలోనే, ఈ సిరీస్‌లో మొదటి మూడింటిలో ఇంకెక్కడా జరగని పని ఒకటి జరుగుతుంది. వస్తువు సొంతూరికి తిరిగి వెళ్తుంది.

1981 నాటి 'రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్'లో పవిత్రమైన మందసం చివరికి ఒక ప్రభుత్వ గోడౌన్‌లో వేల పెట్టెల మధ్య పెట్టె అవుతుంది. 1989 నాటి 'లాస్ట్ క్రుసేడ్'లో ఇండీ పాత్ర కోసం అగాధంలోకి చెయ్యి చాచితే, తండ్రి వదిలెయ్యమంటాడు, వదిలేస్తాడు. అది గొప్ప సీనే, కానీ పాత్ర ఎవరికీ దక్కదు. టెంపుల్ ఆఫ్ డూమ్‌లో ఒక్కదాంట్లోనే ఇండీ రాయిని తెచ్చి ఊరి పెద్ద చేతిలో పెడతాడు. నువ్వే ఉంచుకోవచ్చుగా అని విల్లీ అడిగితే, ఉంచుకుని ఏం లాభం, మ్యూజియంలో దుమ్ము పట్టే ఇంకో రాయి అవుతుందన్న అర్థంలో జవాబిస్తాడు. ఊరి పెద్దతో మాత్రం దీని శక్తి ఏంటో ఇప్పుడు తెలిసిందంటాడు. నది పారుతోంది, పొలాలు పచ్చబడ్డాయి, పిల్లలు తల్లుల వైపు పరిగెడుతున్నారు. ఆ శక్తి ఏంటో మనకీ కనిపిస్తూనే ఉంది.

ఈ కథ జరిగింది 1935లో. రైడర్స్ కథ 1936లో. అంటే ఏడాది తిరగ్గానే ఈ మనిషే దక్షిణ అమెరికా గుడిలో దూరి, ఇసుక సంచితో బరువు సరిచేసి, బంగారు విగ్రహాన్ని ఎత్తుకుపోవడానికి చూస్తాడు. ఒక సినిమాలో తెరిచిన చెయ్యి ఇంకో సినిమాలో మళ్లీ మూసుకుంది. అడ్వెంచర్ అనే జాన్రా నడవాలంటే హీరో ఎప్పుడూ ఏదో ఒకటి లాక్కుంటూనే ఉండాలి. తిరిగిచ్చే హీరోతో సీక్వెల్స్ నడవవు.

ఇది మనకి దూరపు సంగతి కాదు. అమరావతి స్తూపాన్ని 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాల్లో చాలావాటిని 1859లో లండన్‌కి పంపారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనుక చల్లటి గదిలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అంతకు ముందే ఆ రాళ్లని కట్టడాలకి వాడుకున్నది స్థానికులే అన్నదీ నిజమే. కాబట్టి సినిమాలో ఉన్నంత సులువుగా ఎవరు దొంగ, ఎవరు యజమాని అని గీత గీయలేం. కానీ కృష్ణ ఒడ్డున ఆ దిబ్బ దగ్గర నిలబడితే, మాయాపూర్ గుడిలోని ఖాళీ గూడు ఏంటో అర్థమవుతుంది. రాయి భద్రంగా ఉండటం వేరు, ఉండాల్సిన చోట ఉండటం వేరు.

తర్వాతి ఇంటర్వ్యూల్లో స్పీల్‌బర్గ్ ఈ సినిమా గురించి పెద్ద సంతోషంగా మాట్లాడలేదు. మరీ చీకటిగా ఉందన్నాడు. నా ఫిర్యాదు చీకటి గురించి కాదు. చెయ్యి ఎందుకు తెరవాలో ఇంత బాగా తెలిసిన సినిమా, ఆ చెయ్యి ఊరివాళ్లది కూడా కావొచ్చని ఒక్క షాట్‌లోనైనా ఊహించలేకపోయింది. ఈసారి మీరు చూసినప్పుడు ఆ చివరి సీన్‌లో ఇండీ మొహం వదిలేసి, రాయి అందుకునే ఊరి పెద్ద చేతుల్ని చూడండి. ఆ చేతులే వెళ్లి దాన్ని తెచ్చుకునే సినిమా ఇంకా ఎవరో తియ్యాల్సి ఉంది.